రాణీగంజ్ నుంచి బాలానగర్ దాకా: పాత యంత్రాల వ్యాపారంలో నా జ్ఞాపకాలు

కృష్ణా జిల్లాలో చదువు ముగించుకొని, 1980ల తొలి సంవత్సరాల్లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మా మేనమామ నడుపుతున్న పాత యంత్రాల దుకాణంలో లెక్కలు రాయడానికి చేరాను. దుకాణమంటే రోడ్డు వైపు ఒక చిన్న గది, దాని వెనుక రేకుల షెడ్డు, షెడ్డు నిండా లోహపు కడ్డీని తిప్పుతూ కోసే లేత్‌లు, ముందుకూ వెనక్కూ కోస్తూ చదును చేసే షేపర్లు, డ్రిల్లింగ్ మెషీన్లు, పవర్ హ్యాక్‌సాలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడవగలిగినంత దారి. మా వ్యాపారం మీద బయట పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు. పాత సామాను వాళ్ళనీ, ఇనుప తుక్కు వాళ్ళనీ ఒకే గాటన కట్టేవారు. ఊళ్ళో బంధువులెవరైనా అడిగితే మా అమ్మ "మా వాడు సికింద్రాబాదులో మిషన్ల కంపెనీలో చేస్తున్నాడు" అని చెప్పి ఊరుకునేది. ఇన్నేళ్ళు ఆ పనిలోనే గడిపిన తరువాత నాకు గట్టిగా అనిపించే మాట ఒకటుంది. చేతిలో పని తప్ప మరేమీ లేని ఎందరో తెలుగు టర్నర్లకూ ఫిట్టర్లకూ మొదటి పెట్టుబడి అయింది ఒక పాత లేత్. బ్యాంకు వారి దగ్గరకు వచ్చింది ఆ లేత్ నడిచిన తరువాతే. దీని గురించి రాసినవారు తక్కువ కాబట్టి నాకు తెలిసినంత మేరకు రాసి పెడుతున్నాను.

హైదరాబాదులో ఇన్ని మంచి పాత యంత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే ఈ నగరంలో కర్మాగారాలు వెలసిన క్రమం తెలియాలి. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ మొదలయ్యాయి. డ్రిల్‌నో, కోసే ముక్కనో పట్టి ఉంచే ప్రాగా వారి డ్రిల్ చక్‌లు, లేత్ చక్‌లు, టూల్ అండ్ కట్టర్ గ్రైండర్లు దేశమంతా వాడేవారు. ఆ తరువాత 1960లలో వరుసగా పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలు వచ్చాయి. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ యంత్రాల భెల్‌ను చెకొస్లొవేకియా సహకారంతోనూ, బాలానగర్‌లో మందుల కర్మాగారం ఐడీపీఎల్‌ను సోవియట్ సహకారంతోనూ కట్టారు. యంత్రాలు తయారుచేసే హెచ్‌ఎంటీ, విమానాల హెచ్‌ఏఎల్, ఎలక్ట్రానిక్స్ ఈసీఐఎల్ కూడా ఆ దశకంలోనే ఇక్కడికి వచ్చాయి. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడింది. ఇంతటి కర్మాగారాల్లో యంత్రాలు ఊరికే పాతబడిపోవు, ఒక వయసు వచ్చాక లెక్కల నుంచి తీసివేసి వేలం వేస్తారు. అలా చెకొస్లొవేకియాలో తయారైన తోస్ లేత్‌లూ, మాస్కోలో తయారైన 1కె62 లేత్‌లూ, తూర్పు జర్మనీ డబ్ల్యూఎండబ్ల్యూ యంత్రాలూ, ఇంగ్లండు నుంచి వచ్చిన కోల్చెస్టర్‌లూ మా షెడ్డులో పక్కపక్కన నిలబడేవి. వాటి పేరు పలకల మీద రష్యన్ అక్షరాలను చూసి ఏది స్పీడు, ఏది ఫీడు అని మా మెకానిక్ ఊహతోనే కనుక్కొని, పక్కన పెయింటుతో తెలుగులో రాసిపెట్టేవాడు. ఆ తెలుగు రాతతోనే అవి తణుకు, సూర్యాపేట, నంద్యాల వంటి ఊళ్ళలో ఏళ్ళ తరబడి నడిచాయి.

యంత్రాలతో పాటు మనుషులు కూడా అదే గేటు నుంచి బయటికి వచ్చారు. పెద్ద కర్మాగారంలో అప్రెంటిస్‌షిప్ చేసి అక్కడ ఉద్యోగం దొరకని కుర్రవాళ్ళు, పదవీ విరమణ చేసిన టర్నర్లు, స్వచ్ఛంద విరమణ తీసుకున్న ఫిట్టర్లు బాలానగర్, జీడిమెట్ల, కూకట్‌పల్లి ప్రశాంతినగర్, చర్లపల్లి షెడ్లలో చిన్నచిన్న వర్క్‌షాపులు పెట్టారు. తాము పదేళ్ళో ఇరవయ్యేళ్ళో నడిపిన యంత్రాన్నే వేలంలో మా చేతికి వచ్చాక వెతుక్కుంటూ వచ్చి కొనుక్కున్నవారిని నేను చూశాను. అటువంటి వ్యక్తికి మేము ఆ యంత్రం గురించి చెప్పవలసినదేమీ ఉండేది కాదు. ఏ గేరు దగ్గర శబ్దం వస్తుందో, ఏ సంవత్సరం చక్‌ను తిప్పే స్పిండిల్ బేరింగులు మార్చారో ఆయనే మాకు చెప్పేవాడు.

మామయ్య నాకు లెక్కల పుస్తకం కంటే ముందు లేత్ పరీక్షించడం నేర్పారు. పశువుల సంతలో అనుభవమున్న రైతు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసినట్లు, ఆయన నేరుగా చక్ కింద ఉన్న బెడ్ దగ్గరికి, అంటే యంత్రం పొడవునా ఉండే పోత ఇనుప పీఠం దగ్గరికి వెళ్ళేవారు. లేత్ మీద చేసే పనిలో ఎక్కువ భాగం చక్‌కు దగ్గరగానే జరుగుతుంది కాబట్టి కోసే పనిముట్టును మోసే శాడిల్ అక్కడే ఎక్కువగా తిరుగుతుంది, బెడ్ అక్కడే ఎక్కువగా అరుగుతుంది. చక్‌కు ఎదురుగా ఉండే టెయిల్ స్టాక్ వైపు చివర మాత్రం దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. అందుకని ఆయన శాడిల్‌ను చక్ దగ్గరికి తెచ్చి, అక్కడ వదులు లేకుండా గిబ్ అనే పట్టీని బిగించి, తరువాత చేతి చక్రం తిప్పుతూ టెయిల్ స్టాక్ వైపు నడిపించేవారు. బెడ్ సమంగా ఉంటే శాడిల్ చివరి దాకా ఒకే బరువుతో నడుస్తుంది, అరిగిన బెడ్ అయితే మధ్యలోనే పట్టేస్తుంది. ఈ ఒక్క పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. మరలు కోసేటప్పుడు శాడిల్‌ను నడిపే లీడ్ స్క్రూ కూడా చక్ వైపే ఎక్కువ అరుగుతుంది, దానివల్ల పిచ్, అంటే మరల మధ్య దూరం, తేడా వస్తుంది. ఆ తరువాత డయల్ గేజ్ పెట్టి స్పిండిల్ ఎంత ఊగుతున్నదో చూడటం, క్రాస్ స్లైడ్ స్క్రూలో ఎంత ఖాళీ తిరుగుడు ఉందో చూడటం, అన్ని గేర్లలోనూ కాసేపు నడిపించి చెవి పెట్టి వినడం. ఇవన్నీ ముగిశాక ఒక ఇనుప కడ్డీని బిగించి, రెండు చివరలా ఒకే లోతు కోసి, మైక్రోమీటరుతో రెండు చోట్లా కొలిచేవారు. టేపర్, అంటే ఒక చివర సన్నబడటం, ఎంత వచ్చిందో ఆ కొలతే చెబుతుంది. కొనేవారి ఎదుట కూడా ఇదే పరీక్ష చేసి చూపించేవారు.

అమ్మకంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. యంత్రానికి పెయింటు వేయించకుండా అమ్మేవారు. ఆ రోజుల్లో మార్కెట్టులో చాలామంది పాత యంత్రాన్ని కిరసనాయిలుతో కడిగి, పుట్టీ పెట్టి, ఆకుపచ్చ రంగు కొట్టి, అరిగిన బెడ్‌ను గ్రైండింగ్ చేయించి, కొత్తదానిలాగా నిలబెట్టేవారు. బెడ్ గ్రైండింగ్ తప్పు పని కాదు, సరిగా చేస్తే యంత్రానికి మరో జీవితం వస్తుంది. కానీ బెడ్‌ను గ్రైండ్ చేసినప్పుడు పైపొర కొంత పోతుంది, ఆ మేరకు శాడిల్ కిందికి దిగుతుంది, దానితో శాడిల్ ముందు వేలాడే ఏప్రన్ కూడా దిగి లీడ్ స్క్రూకూ దాన్ని పట్టుకునే హాఫ్ నట్‌కూ మధ్య వరుస తప్పుతుంది. ఆ ఎత్తును తిరిగి తేవడానికి శాడిల్ అడుగున టర్సైట్ అనే ప్లాస్టిక్ పట్టీ అంటించి, దానిని గీకి సరిచేయాలి. ఈ రెండో పని చేయకుండా మొదటి పని మాత్రమే చేసి, నునుపుగా మెరిసే బెడ్‌ను చూపించి అమ్మితే, కొన్నవాడికి ఆరు నెలల్లో అసలు సంగతి తెలుస్తుంది. అప్పటికి వాడు తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. మామయ్య బిల్లు మీదే లోపాలు రాసి ఇచ్చేవారు. "బెడ్ ముందు భాగంలో అరుగుదల ఉంది, మూడో గేరులో శబ్దం ఉంది, చక్ కొత్తది" అని ఆయన చేతిరాతతో ఉన్న బిల్లులను తమ షెడ్డులో భద్రంగా దాచుకున్నవారు ఈ రోజుకీ ఉన్నారు. అలా రాయడం వల్ల కొన్ని బేరాలు పోయేవి. కానీ తమ్ముడికో, బావమరిదికో, పక్క షెడ్డు వాడికో మిషన్ కావలసి వచ్చినప్పుడు అందరూ మా దగ్గరికే పంపేవారు.

మా షెడ్డులో స్క్రేపింగ్ పని చేసే పెద్దాయనను అందరమూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళం. పాతబస్తీ నుంచి సైకిల్ మీద వచ్చేవారు. దక్కనీలో మాట్లాడేవారు, తెలుగు బాగా అర్థమయ్యేది. నా దృష్టిలో ఆ షెడ్డులో ఉన్న అన్ని యంత్రాల కంటే విలువైనది ఆయన చేతి పని. పాత చదరపు ఆకురాయిని అరగదీసి తానే తయారు చేసుకున్న స్క్రేపర్, పూర్తిగా చదునైన ఒక పోత ఇనుప సర్ఫేస్ ప్లేట్, ఒక చిన్న డబ్బాలో ప్రష్యన్ బ్లూ, ఇవే ఆయన పనిముట్లు. ప్లేట్‌కు నీలం పలచగా పూసి, సరిచేయవలసిన భాగం మీద మెల్లగా రుద్దేవారు. ఎక్కడ లోహం ఎత్తుగా ఉందో అక్కడ మాత్రమే నీలం అంటుకుంటుంది. ఆ చుక్కలను మాత్రమే స్క్రేపర్‌తో సన్నగా గీకి, తుడిచి, మళ్ళీ నీలం రుద్ది, మళ్ళీ గీకి, ఇలా రోజుల తరబడి చేసేవారు. మొదట్లో అక్కడొకటీ ఇక్కడొకటీ కనిపించిన నీలపు మచ్చలు చివరికి అంగుళం అంగుళానికీ సమంగా పరచుకొనేవి. రెండు మచ్చల మధ్య మిగిలే అతి సన్నని పల్లాల్లో నూనె నిలుస్తుంది, అందువల్ల గీకిన స్లైడ్ గ్రైండ్ చేసిన స్లైడ్ కంటే మెత్తగా నడుస్తుంది. ఆయన తరువాత ఆ పని నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు నిలబడలేదు. రోజంతా వంగి చేసి ఒక్క స్లైడ్ కూడా పూర్తికాని పనికి కూలి ఎవరిస్తారన్నది వాళ్ళ ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ విద్య ఈ నగరంలో ఇంత పలచబడిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. యంత్రం పోతే మరొకటి దొరుకుతుంది, ఆ చేయి దొరకదు.

డబ్బు సంగతి చెప్పాలి. అప్పట్లో రాష్ట్ర ఆర్థిక సంస్థ గానీ బ్యాంకులు గానీ కొత్త యంత్రం కొటేషన్ మీద అప్పు ఇచ్చేవి. పాత యంత్రం అంటే విలువ కట్టేవారు లేరనీ, హామీగా పనికిరాదనీ వెనక్కి పంపేవారు. జీతానికి పనిచేసే టర్నర్‌కు కొత్త హెచ్‌ఎంటీ లేత్ ఊహకు కూడా అందదు. పంజాబులోని బటాలా నుంచో గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచో వచ్చే చవక బెల్ట్ లేత్ కొత్తది కొనవచ్చు, కానీ దాని పోత సరిగా ఆరనిది, రెండేళ్ళకే బెడ్ వంకర పోయేది అని అనుభవమున్నవారు భయపడేవారు. అందులోనూ మంచివి ఉన్నాయి, అన్నిటినీ ఒకే మాట అనకూడదు. అయినా కర్ణాటకలోని హరిహర్‌లో 1941లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ వారి పాత ఎంటర్‌ప్రైజ్ లేత్ గానీ టర్న్‌మాస్టర్ గానీ, కేరళలోని కళమస్సేరి హెచ్‌ఎంటీ వారి ఎన్‌హెచ్22 లేత్ గానీ సగానికి సగం అరిగినా కొత్త చవక లేత్ కంటే నమ్మకంగా పనిచేస్తుందని అందరికీ తెలుసు. కాబట్టి కొనేవాడు మూడో వంతు డబ్బుతో వచ్చేవాడు. ఆ మూడో వంతు కూడా చిట్టీ పాడి తెచ్చినదో, భార్య గాజులు కుదువబెట్టి తెచ్చినదో అయి ఉండేది. మిగిలినది నెలనెలా కట్టాలి. కాగితం మీద రాసుకున్నది తక్కువ. వాడు ఎవరి దగ్గర పనిచేశాడో, వాడి పని ఎలాంటిదో, మామయ్య ఒక మనిషిని పంపి కనుక్కొనేవారు. అదే వాడి హామీ. ఒకసారి నల్గొండ జిల్లా కుర్రవాడు డబ్బు తక్కువై తలవంచుకొని వెళ్ళిపోతుంటే మామయ్య పిలిచి, అక్కడే ఉన్న లేత్ మీద ఒక బుష్ చేసి చూపించమన్నారు. చేశాడు. మైక్రోమీటరు పెట్టి కొలిచి, "ఎల్లుండి లారీ తెచ్చుకో నాయనా, మిగతావి దసరాకు మాట్లాడుకుందాం" అన్నారు. ఆ యువకుడి షెడ్డులో ఇప్పుడు కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాలు ఉన్నాయి, ఆ పాత లేత్ కూడా ఉంది.

మాకు సరుకు వచ్చే దారుల్లో వేలాలు ముఖ్యమైనవి. ప్రభుత్వ సంస్థల వేలాలు ఒక పద్ధతిలో జరిగేవి, వాటిలో చాలా భాగం తరువాతి రోజుల్లో ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఆన్‌లైన్‌లోకి వెళ్ళాయి. మనసుకు కష్టం కలిగించినవి మూతపడిన చిన్న యూనిట్ల వేలాలు. 1951 నాటి రాష్ట్ర ఆర్థిక సంస్థల చట్టంలోని 29వ సెక్షన్ కింద, అప్పు చెల్లించని యూనిట్‌ను ఆర్థిక సంస్థ నేరుగా స్వాధీనం చేసుకొని అమ్మవచ్చు. అటువంటి షెడ్డు తాళం తీసినప్పుడు లోపల పని ఆగిపోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉండేది. చక్‌లో సగం కోసిన జాబ్, బల్ల మీద చలాన్ పుస్తకం, గోడ మీద ఆ సంవత్సరపు క్యాలెండరు. ఆ వేలాల్లో కొందరు వ్యాపారులు ముందే కూడబలుక్కొని, ఒకరి మీద ఒకరు పాడకుండా, సర్కారీ పాటలో తక్కువ ధరకు ఒకరి పేరున కొట్టించుకొని, బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర తమలో తాము మళ్ళీ అసలు పాట పాడుకొని తేడా పంచుకొనేవారు. దానివల్ల నష్టపోయేది ఆర్థిక సంస్థ మాత్రమే కాదు. అమ్మిన ధర ఎంత తగ్గితే ఆ యూనిట్ యజమాని నెత్తిన మిగిలే బాకీ అంత పెరుగుతుంది. యంత్రం పోయి, అప్పు అలాగే ఉన్న మనిషి గురించి ఆ టీ కొట్టు దగ్గర ఎవరూ ఆలోచించేవారు కాదు. ఈ ఆన్‌లైన్ వేలాలతో మా వంటి పాత వ్యాపారులకు లాభం తగ్గిన మాట నిజమే. అయినా ఎవరు పాడుతున్నారో ఒకరికొకరికి తెలియని ఆ పద్ధతే ధర్మమైనదని నేను నమ్ముతాను.

ఒక వేలం తరువాత సరుకు ఎత్తడానికి వెళ్ళినప్పుడు ఆ యూనిట్ పాత యజమాని వచ్చాడు. గొడవ పడతాడేమోనని మా వాళ్ళు బెదిరారు. ఆయన ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్ళి, ఏ నూనె పోయాలో, ఏ బెల్టు ఏ నంబరుదో నాకు చెప్పి రాయించాడు. మిల్లింగ్ మెషీన్ హెచ్‌ఎంటీ వారి ఎఫ్‌ఎన్2. దాని తల మీద ఏటేటా దసరాకు పెట్టిన పసుపూ కుంకుమా నూనెతో కలిసి గట్టి పొరగా పేరుకొని ఉంది. ఆ పొరను చూస్తే ఆ షెడ్డు ఎన్ని ఆయుధ పూజలు చేసుకుందో తెలిసేది. మేము యంత్రాలను కడిగేటప్పుడు ఆ బొట్టును మాత్రం తుడిచేవాళ్ళం కాదు, కొన్నవాడే తన దసరాకు దాని మీద కొత్త బొట్టు పెట్టుకొనేవాడు.

యంత్రాన్ని కదిలించడం వేరే విద్య. మా చిన్నతనంలో క్రేన్ రాని సందుల్లోకి రెండు టన్నుల లేత్‌ను హమాలీలు చేతులతోనే తీసుకుపోయేవారు. మూడు కాళ్ళ ఇనుప గుంజలు నిలబెట్టి, చైన్ పుల్లీతో ఎత్తి, కింద పైపు ముక్కలు దొర్లిస్తూ, గడ్డపారలతో నెట్టుకుంటూ పోవాలి. లేత్ బరువంతా చక్ ఉండే హెడ్ స్టాక్ వైపు ఉంటుంది. కొత్తవాడు మధ్యలో తాడు వేస్తే ఒక వైపుకు ఒరిగి మనిషి మీద పడుతుంది. మా హమాలీ మేస్త్రి శాడిల్‌ను టెయిల్ స్టాక్ వైపు చివరికి జరిపించి, బరువు సరిచూసుకొని, ఒక్క అంగుళం మాత్రమే ఎత్తి ఆగి, అందరి కాళ్ళూ ఎక్కడున్నాయో చూసి, అప్పుడు "ఎత్తు" అనేవాడు. డీసీఎం వ్యాను మీదికి ఎక్కించిన తరువాత కూడా ఆయన తాళ్ళన్నీ ఒకసారి చేత్తో లాగి చూడనిదే డ్రైవర్ బండి తీయడానికి వీల్లేదు. ఇప్పుడు హైడ్రా క్రేన్లు వచ్చాయి, పని గంటలో అయిపోతుంది. మనుషులకు దెబ్బలు తగలడం తగ్గింది, అది అన్నిటికంటే మంచి మార్పు.

దెబ్బల మాట వచ్చింది కాబట్టి పవర్ ప్రెస్‌ల సంగతి రాయకుండా ఉండలేను. బాలానగర్ ప్రాంతంలో రేకు పని చేసే షెడ్లలో వేళ్ళు పోగొట్టుకున్న కార్మికులను నేను చాలామందిని చూశాను. పాత మెకానికల్ ప్రెస్‌లో క్లచ్ కీ అరిగిపోతే, పెడల్ ఒక్కసారే తొక్కినా పైనుంచి కొట్టే ర్యామ్ రెండోసారి దానంతట అదే దిగుతుంది. మొదటి దెబ్బ తరువాత ముక్క తీయడానికి చేయి లోపలికి పోయి ఉంటుంది. ఇది యంత్రం లోపమే తప్ప కార్మికుడి అజాగ్రత్త కాదు. మామయ్య క్లచ్ విప్పి చూడకుండా, ముందు కంచె లేకుండా ఒక్క ప్రెస్ కూడా అమ్మేవారు కాదు. కంచె ఉంటే పని నెమ్మదవుతుందని కొనేవారు విసుక్కునేవారు. అటువంటి బేరాన్ని వదులుకోవడానికి ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించేవారు కాదు. నేను ఆ అలవాటును ఈ రోజు దాకా తప్పలేదు. పాత యంత్రం అమ్మే ప్రతివాడికీ ఈ బాధ్యత ఉందని నేను నమ్ముతాను, ఎందుకంటే దాని లోపల ఏముందో కొనేవాడికంటే మనకే బాగా తెలుసు.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత మా వ్యాపారం రూపు మారింది. విదేశాల నుంచి పాత యంత్రాలు తెప్పించుకోవడం క్రమంగా సులువైంది. చెన్నై రేవులోనూ ముంబయి దగ్గరి నవాషేవాలోనూ దిగిన కంటైనర్లలో జపాన్ యంత్రాలు వచ్చాయి. మోరీ సైకి, మజాక్, ఒకుమా వంటి పేర్లు బాలానగర్ కుర్రవాళ్ళ నోట నానాయి. యంత్రం వయసూ, ఇంకా ఎంతకాలం పనిచేస్తుందన్న అంచనా చెబుతూ చార్టర్డ్ ఇంజనీర్ ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. జపాన్‌లో వాడిన యంత్రం 200 వోల్టులకు తయారైనది, మన త్రీఫేజ్ సరఫరా 415 వోల్టులు, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని కలిపితే డ్రైవ్‌లు అక్కడికక్కడే కాలిపోతాయి. ఈ చిన్న సంగతి చెప్పకుండా అమ్మిన దళారుల వల్ల మునిగిపోయిన కుర్రవాళ్ళు ఉన్నారు. ఇంకొక సంగతి మరీ సున్నితమైనది. ఈ సీఎన్‌సీ యంత్రాలకు మెదడు వంటి ఫానుక్ కంట్రోలర్ జ్ఞాపకశక్తి ఒక చిన్న బ్యాటరీ మీద నిలబడి ఉంటుంది. యంత్రం గోదాములో నెలల తరబడి కరెంటు లేకుండా పడి ఉండి, ఆ బ్యాటరీ అయిపోతే, యంత్రం కొలతలను చెప్పే పారామీటర్లన్నీ చెరిగిపోతాయి. యంత్రం చూడటానికి బాగానే ఉంటుంది, దానికి తన అక్షం ఎంత పొడవో కూడా గుర్తుండదు. పాత తోస్ లేత్ వానలో ఏడాది నానినా, తుప్పు గీకి నూనె పోస్తే మళ్ళీ తిరిగింది. ఈ రెండు రకాల యంత్రాలనూ అమ్మినవాడిగా నేను సీఎన్‌సీని తక్కువ చేయడం లేదు, అది ఇచ్చే కొలతా వేగమూ చేతి లేత్ ఇవ్వలేదు. కాకపోతే దానిని రెండోసారి బతికించడానికి చేయి ఒక్కటే చాలదు, కాగితాలు కూడా కావాలి.

మా వ్యాపారంలో ప్రతి యంత్రానికీ రెండు ధరలు ఉంటాయి. ఒకటి యంత్రం ధర, రెండోది తూకం ధర. తుక్కుగా కిలోల లెక్కన ఎంత వస్తుందన్నదే నేల, దానికంటే కిందికి బేరం పోదు. మామూలు రోజుల్లో ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉంటుంది. 2008 మధ్య దాకా ఇనుము ధరలు పెరుగుతూ పోయినప్పుడు ఆ దూరం దాదాపు చెరిగిపోయింది. నడుస్తున్న షేపర్లను, ప్లేనర్లను, ఇంకా ముప్పై ఏళ్ళు బతకగల పోత ఇనుప బెడ్లను సమ్మెటలతో పగలగొట్టి ఫౌండ్రీలకు పంపారు. పోత ఇనుము పాతబడేకొద్దీ లోపలి ఒత్తిళ్ళు సడలి స్థిరపడుతుంది, అందుకే పాత బెడ్ వంకర పోదు. అటువంటి బెడ్‌ను పగలగొట్టి కరిగించి మళ్ళీ పచ్చి పోత పోయడం చూసి ఉస్తాద్ రెండు రోజులు షెడ్డుకు రాలేదు. ఆ సంవత్సరమే చివరికి ధరలు కూలిపోయాయి. అప్పటికే పగిలినవి పగిలిపోయాయి.

పన్నుల విషయం ఎక్కువగా రాయను. అమ్మకం పన్ను, 2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ వచ్చాయి. వీటిలో పాత సరుకు వ్యాపారికి న్యాయంగా తోచింది జీఎస్టీలోని మార్జిన్ పద్ధతి. కొన్నప్పుడు పన్ను మినహాయింపు తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టవచ్చు. ఒకసారి పూర్తి పన్ను కట్టిన యంత్రం చేతులు మారినప్పుడల్లా మొత్తం విలువ మీద మళ్ళీ పన్ను పడకూడదన్న మా పెద్దల వాదనకు ఇన్నాళ్ళకు ఒక రూపం వచ్చింది.

2016లో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్, చినార్ వాచెస్, హెచ్‌ఎంటీ బేరింగ్స్ సంస్థలను మూసివేయడానికి ఆమోదించింది. వాచీల గురించి దేశమంతా తలచుకొని బాధపడింది. మా బజారులో అందరూ మాట్లాడుకున్నది మాత్రం హైదరాబాదులోనే ఉన్న బేరింగ్స్ గురించే. హరిహర్ కిర్లోస్కర్ అంతకు ముందే పోయింది. ఆ కంపెనీ లేదు కానీ దాని యంత్రాలు ఉన్నాయి. వాటికి విడిభాగాలు దొరకవు కాబట్టి, ఒక పాత లేత్ మీద కోసిన గేరుతోనే మరో పాత లేత్ నడుస్తున్నది. మండల కేంద్రాల్లో ట్రాక్టరు ఇరుసులూ, మోటారు షాఫ్టులూ, చెరకు గానుగ రోలర్లూ బాగుచేసే లేత్ వర్క్స్‌లో ఈ రోజుకీ ఎక్కువగా కనిపించేవి ఇవే. పంట పని మధ్యలో ట్రాక్టరు ఆగిపోయిన రైతు కొత్త భాగం కోసం నగరానికి రానక్కరలేకుండా, అదే సాయంత్రానికి పొలానికి వెళ్ళగలుగుతున్నాడంటే, ఆ ఊళ్ళో ఎవరో ఒకరు ఎప్పుడో చిట్టీ పాడి ఒక పాత లేత్ కొన్నందువల్లే.

మామయ్య పోయాక దుకాణాన్ని బాలానగర్‌కు మార్చాను. ఇప్పుడు మా అబ్బాయి ఫోనులో వీడియోలు పంపి అమ్ముతున్నాడు, నేను బెడ్ చూసి లోపాలు రాసి ఇస్తాను. కర్మాగారాల్లో పనిచేసినవారికీ, యూనిట్లు మూసుకుంటున్నవారికీ నాదొక విన్నపం. యంత్రాన్ని అమ్మేటప్పుడు దాని వెంట వచ్చిన టెస్ట్ చార్టును, మాన్యువల్‌ను, వైరింగ్ డ్రాయింగును, మరమ్మతులు రాసుకున్న రిజిస్టరును పాత కాగితాల వాడికి వేయకండి. కంట్రోలర్ ఉన్న యంత్రమైతే పారామీటర్ల జాబితాను రాసి దాని క్యాబినెట్ లోపలే పెట్టండి, బ్యాటరీ ఎప్పుడు మార్చారో తారీఖు వేయండి. ఆ కట్టకు తూకంలో పది రూపాయలు కూడా రావు. అది యంత్రంతో పాటు వస్తే, దాన్ని కొనుక్కునే కుర్రవాడికి మొదటి నెలలోనే పని మొదలవుతుంది, మొదటి వాయిదా కూడా సమయానికి కట్టగలుగుతాడు.